లెన్సుకు కాపలా

కెమెరా కొన్నప్పుడు దుకాణదారు లెన్సు ముందు ఒక అద్దపు బిళ్ల బిగించి ఇవ్వడం పరిపాటి. అదే యూవీ ఫిల్టరు. ఫిల్ము కాలంలో అది అతినీలలోహిత కిరణాల వలన కలిగే మసకను తగ్గించేది. నేటి డిజిటల్ సెన్సారు ముందు ఆ కిరణాలను ఆపే పొర ఉండనే ఉంటుంది. కనుక ఫిల్టరుకు మిగిలిన పని కాపలాయే.

ఆ కాపలాకూ మూల్యమున్నది. పూత లేని గాజు ఒక్కొక్క తలం వద్ద సుమారు 4 శాతం కాంతిని వెనుకకు మళ్లిస్తుంది. పలు పొరల పూత గల మేలురకంలో ఈ నష్టం స్వల్పం. పగటి వెలుగులో తేడా కంటికి ఆనదు. నాసిరకం గాజు తలం సమంగా లేకుంటే, ముఖ్యంగా టెలిఫోటో లెన్సుతో, చిత్రం స్పష్టత తగ్గుతుంది. రాత్రివేళ దీపాలు ఎదురైతే వాటి ప్రతిబింబాలు చిత్రంలో మచ్చలుగా తేలుతాయి.

మా ఇంటి పెళ్లి రాత్రి మేము ఫిల్టరు తీయడం మరచాము. దాదీమా ముఖంపై ఒక ఆకుపచ్చ దీపపు మచ్చ పడింది. ఆమె నేడు లేరు; ఆ చిత్రాన్ని మళ్లీ తీయలేము.

అందుచేత సముద్రతీరాన, దుమ్ములో ఫిల్టరు తొడగండి. దీపాల ఎదుట తీసివేయండి. చిన్నపాటి తాకిళ్ల నుండి కాపాడేందుకు లెన్సు హుడ్ ఉన్నది.