పొడుగు నుంచి పొట్టికి
లాగ్ పీరియాడిక్ యాంటెన్నాలో డైపోల్‌ల పొడవు, వాటి మధ్య ఎడం ఒకే నిష్పత్తిలో తగ్గుతూ పోతాయి. 1950ల చివర ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ ఇస్‌బెల్ దీన్ని రూపొందించారు. 1961లో రాబర్ట్ కారెల్ దీని కొలతలు లెక్కకట్టే పద్ధతి ఇచ్చారు. నిష్పత్తి 0.9 అనుకుంటే, 30 మెగాహెర్ట్జ్‌కు తగిన 5 మీటర్ల డైపోల్ తర్వాతిది 4.5 మీటర్లు, ఆపైది 4.05. యాంటెన్నా పరిధిలో ఏ పౌనఃపున్యం వచ్చినా దాని అరతరంగానికి దగ్గరి పొడవున్న కొన్ని డైపోల్‌లే పనిచేస్తాయి. మిగతావి దాదాపు ఊరుకుంటాయి. అందుకే గెయిన్ అంతే పొడవున్న యాగీ యాంటెన్నా కంటే తక్కువ. అయినా ఒకే యాంటెన్నా చాలా పౌనఃపున్యాలకు సరిపోతుంది; కర్ణాటకలోని గౌరీబిదనూరులో సూర్యుడి రేడియో తరంగాలను అందుకునేవి ఈ రకం యాంటెన్నాలే. అసలు కీలకం ఫీడులో ఉంది: సంకేతాన్ని పొట్టి కొస నుంచి ఇవ్వాలి, పక్కపక్క డైపోల్‌ల తీగలను తారుమారు చేసి కలపాలి. ఇది తప్పితే కొలతలెంత సరిగ్గా ఉన్నా వృథా. ఈ సంచిక ప్రధాన వ్యాసం అందుకే ఫీడుతో మొదలవుతుంది.