మన రేటింగుకు మనమే జవాబుదారులం

కొనుగోలుదారులారా! అమ్మకందారులారా!

ఆన్‌లైన్ అంగట్లో మనిషి ముఖం కనిపించదు. కనిపించనంత మాత్రాన మనిషి లేకుండా పోడు. పోచంపల్లిలో మగ్గం ముందు ఒక కుటుంబం కూర్చుని ఉంది. కొండపల్లిలో తెల్లపొణికి కర్రను బొమ్మగా మలిచే చేతులున్నాయి. మనం ఇచ్చే ఒక్క స్టార్ వారి బతుకు మీద తీర్పు.

ఆ తీర్పు ధర్మంగా ఉందా? ఆలస్యం చేసింది కొరియర్. మాట పడింది నేతగాడు. పోచంపల్లి ఇక్కత్ నేతలో రంగుల అంచులు కాస్త చెదిరినట్టుండటం ఆ నేత సహజ లక్షణం. దాన్ని లోపమని రాస్తున్నాం. పెళ్లికి కట్టిన చీరను మడతపెట్టి వాపసు పంపేవారున్నారు. కొత్తది ఉంచుకుని, పాతది పెట్టెలో పెట్టి, రిఫండ్ అడిగేవారున్నారు. ఇది గడుసుతనం కాదు. దొంగతనం.

కొనేవారికి చట్టం అండ ఉంది. పాడైన సరుకును, చెప్పినట్టు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనరాదు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల మాట ఇది. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి. నెలలోగా పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఇన్ని రాజమార్గాలుండగా అబద్ధపు సందు మనకెందుకు?

అమ్మేవారికీ అవే నియమాలు కట్టుబాటు పెట్టాయి. కొనుగోలుదారు వేషం వేసి సొంత సరుకును పొగుడుకోరాదు. న్యాయం కోరేవారు ముందు న్యాయంగా నిలవాలి.

కొనేవారమైతే, రాసేముందు అమ్మినవారిని అడుగుదాం. తప్పు ఎవరిదో వారి పేరునే రాద్దాం. పొరపాటు దిద్దుకున్నవారి రివ్యూను మనమూ దిద్దుదాం. నచ్చినప్పుడు మౌనం వద్దు. మెచ్చిన పదిమంది మౌనంగా ఉంటే కోపగించిన ఒక్కరి మాటే నిలుస్తుంది.

అమ్మేవారమైతే, ప్యాకింగ్ వీడియో తీసి ఉంచుదాం. తిరిగొచ్చిన పెట్టెను కెమెరా ముందే విప్పుదాం. నిందకు నింద వద్దు, ఆధారంతో జవాబిద్దాం. తప్పు మనదైతే డబ్బు వెంటనే తిరిగిద్దాం.

చదువుకున్న యువతా, మీ ఊరి నేతగాడికి తోడు నిలవండి. అతని ఫిర్యాదు మీరు రాయండి. అతని వాదన మీరు వినిపించండి. చేనేత సంఘాలు ఒంటరి సభ్యుడి వివాదాన్ని సంఘం వివాదంగా భావించాలి.

రేపటికి వాయిదా వద్దు. ఈరోజే మన ఆర్డర్ల పేజీ తెరుద్దాం. బాకీపడ్డ మంచిమాట రాద్దాం. రాసిన అన్యాయపు మాట చెరిపేద్దాం.