దుంగలకు బకెట్ వద్దు, ఫోర్కులు చాలు

పాత మల్బరీ మొద్దులు, గట్టుమీది టెంకాయ మాన్లు మోయను చిన్న ట్రాక్టరు లోడరుకు ఏం తగిలించాలని అడుగుతున్నారు. బకెట్ మాత్రం వద్దు. పైకెత్తి వెనక్కి వంచితే దుంగ దొర్లి డ్రైవరు మీదికే వస్తుంది. మేము ఒకసారి కొంచెంలో తప్పించుకున్నాం. పంజాలా పట్టే గ్రాపుల్ మంచిదే, కానీ దాని బరువే లోడరు ఎత్తే శక్తిని తినేస్తుంది, ఇంకో హైడ్రాలిక్ లైను కూడా కావాల. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు. మా లెక్కకు రెండు ఫోర్కులు, ఒక గొలుసు చాలు. గొలుసుతో బిగించి, నేలకు జానెడు ఎత్తులోనే తీసుకుపోవాల. వెనక బరువు కట్టకుంటే వెనక చక్రాలు లేస్తాయి, జాగ్రత్త. అవే ఫోర్కుల మీద కొమ్మల కట్టలు కూడా షెడ్డుకు తేవచ్చు, కడిగినాకే సుమా. మన్నంటిన ఆకు పురుగుకు పెట్టలేం కదా.