‘ఏం ఫాయిదా?’ అన్న మామూకి జవాబు

మొన్న భీమ్‌గల్‌లో ఒక దావత్. పదో తరగతి పాసైన మా భాంజీ ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటానంది. "ఆడపిల్లకి హిసాబ్‌తో ఏం ఫాయిదా బేటీ?" అన్నారు మా మామూ. నేను మధ్యలో దూరి, 2024 అక్టోబర్‌లో దొరికిన పెద్ద ప్రధాన సంఖ్య కిస్సా ఎత్తుకున్నాను. "మరి దాంతో ఏం ఫాయిదా?" అని నవ్వారాయన. ఆ పూట నోరు పెగల్లేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఉర్దూ బడిలో మేం దాన్ని ‘ముఫ్రద్ అదద్’ అన్నాం. ముఫ్రద్ అంటే ఒంటరి. ఒకటీ, తానూ తప్ప ఇంకేదీ శేషం లేకుండా భాగించలేని సంఖ్య. తెలుగులోకి వచ్చేసరికి ఆ ఒంటరివాడే ‘ప్రధాన’ అయ్యాడు.

ఈ కొత్తది 13,62,79,841 రెళ్లను గుణించి, అందులోంచి ఒకటి తీసేస్తే వస్తుంది. 4,10,24,320 అంకెలు. సెకనుకొకటి చొప్పున నిద్రాహారాలు మాని చదివినా 475 రోజులు. ఈ రకం వాటిని మెర్సెన్ సంఖ్యలంటారు. తెలిసినవాటిలో ఇది 52వది. ఎన్ని రెళ్లు గుణించామో ఆ లెక్క కూడా ప్రధాన సంఖ్యే కావాలి. అదొక్కటే చాలదు: 11 రెళ్ల నుంచి ఒకటి తీస్తే 2047, అది 23, 89ల లబ్ధం.

ఆ రాత్రి భాంజీని అడిగాను, దీని చివరి అంకె ఎంత అని. రెళ్లను గుణిస్తూ పోతే చివరి అంకెలు 2, 4, 8, 6, మళ్లీ 2. 13,62,79,841ని నాలుగుతో భాగిస్తే శేషం ఒకటి, కాబట్టి చివర 2. ఒకటి తీస్తే 1. పెన్సిల్‌తో రెండు నిమిషాల్లో తేల్చేసింది.

ఇలాంటి ప్రతి సంఖ్య నుంచీ ఒక ‘పరిపూర్ణ సంఖ్య’ పుడుతుంది. 6 అలాంటిదే: దాన్ని భాగించే 1, 2, 3 కలిపితే మళ్లీ ఆరే. వెయ్యేళ్ల కింద బస్రాలో పుట్టిన ఇబ్న్ అల్ హైథమ్ వీటి మీద మెహనత్ చేశాడు. మనం మాత్రం ఆ పేరు చెప్పుకుని ఫఖ్ర్ పడి ఊరుకుంటాం. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు.

నిజం చెప్పాలంటే మామూ, ఈ సంఖ్యతో ఇవాళ ఏ పనీ లేదు. బ్యాంకుల రహస్యాలు కాసేవి వందల అంకెల చిన్న ప్రధాన సంఖ్యలు. కానీ దీన్ని కనిపెట్టిన అమెరికావాడు ల్యూక్ డ్యురాంట్, ఇనామ్‌గా వచ్చిన 3,000 డాలర్లను అలబామాలో తాను చదివిన బడి గణిత విభాగానికి ఇస్తానన్నాడు. ఫాయిదా అక్కడుంది.

నేను చదివిన ఉర్దూ బడిలో లెక్కల ఉస్తాద్ లేక సగం సాలు ఖాళీగా గడిచింది. అందుకే జర్నలిస్టునయ్యానని నవ్వుతూ చెప్తాను, లోపల నవ్వు రాదు. మన ఇళ్ల నుంచి దుబాయి, సౌదీ వెళ్లిన బిడ్డల పైసలు షాదీలకీ స్లాబులకీ పోతున్నాయి. పాత దోస్తులు పదిమంది కలిస్తే బడికి ఒక హిసాబ్ ఉస్తాద్ జీతం పెద్ద బరువేం కాదు.

లెక్కలతో ఏం ఫాయిదా అని భాంజీని అడగకండి మామూ. ఆమెకు చెప్పే ఉస్తాద్ ఉన్నాడా అని మనల్ని అడగండి.