సుడులు చూస్తాం, చూపు చూడం



పోయిన వేసవిలో మా గేదె పెయ్య పొద్దుగూకితే చాలు, కొట్టం గడప దగ్గర మొండికేసేది. అదిలించాను, రెండు దెబ్బలు కూడా వేశాను. ఒకరోజు మునిమాపు వేళ గట్టు దిగబోయి కాలవలో పడింది. పశువుల డాక్టరు గారు చూసి, మొండితనం కాదయ్యా, రేచీకటి అన్నారు. నెలల తరబడి దానికి వట్టి వరిగడ్డే వేశాను. తప్పు నాది, దెబ్బలు దానికి.

పశువు కంట్లో వెనకాల అద్దంలాంటి పొర ఉంటుంది. రాత్రి టార్చి వేస్తే కళ్లు మెరిసేది అందుకే. కొంచెం వెలుగున్నా దానికి దారి కనపడాలి. మనం నడవగలిగే మసకలో అది తడబడితే తేడా ఉన్నట్టే. చీకటి చూపుకి విటమిన్ ఎ కావాలి. అది పచ్చిమేతలో దొరుకుతుంది, పాత ఎండుగడ్డిలో దాదాపు ఉండదు. కాలేయంలో నిల్వ ఉన్నన్నాళ్లు లోపం బయటపడదు. పుట్టిన దూడకి ఆ నిల్వ తక్కువ, జున్నుపాలే ఆధారం.

శాస్త్రవేత్తలు పిల్లికి రెండు పలకలు పెట్టి, వెలుగున్నదాన్ని ముట్టుకుంటే తిండి పెట్టారు. వెలుగు తగ్గిస్తూ పోయారు. ఎక్కడైతే అది గుడ్డిగా ఏదో ఒకటి ముట్టుకుందో అదే దాని చూపు హద్దు. మనకి కావలసిన వెలుగులో ఆరో వంతు దానికి చాలునట.

మనకి ల్యాబు అక్కర్లేదు. మనిషి ఆకారం తెలిసి, ముఖం ఆనవాలు తెలియనంత మసకలో పశువుని కొత్త చోటుకి తీసుకెళ్లండి. సొంత కొట్టంలో అయితే అలవాటు మీద నడిచేస్తుంది. లైటు కింద నుంచి తెస్తే అరగంట ఆగండి. దారిలో రెండు గడ్డిమోపులు అడ్డంపెట్టి, తాడు వదులుగా పట్టుకుని నడిపించండి. బావి, ముళ్లకంచె దగ్గర వద్దు. పగలు కూడా అలాగే నడిపించండి. పగలు తప్పుకుని, మసకలో మోపుకి గుద్దుకుంటే డాక్టరుకి చూపించండి.

ఎండాకాలం పచ్చిమేత ఎక్కడ తేవాలి అంటారు. నిజమే. కానీ బోరు కింద రెండు సెంట్ల మేత, గట్టున నాలుగు అవిశ చెట్లు పెట్టుకోలేమా? సూది మందు మాత్రం డాక్టరు చెబితేనే, ఎక్కువైనా ముప్పే. తొందరగా పట్టుకుంటే చూపు వస్తుంది. ఎదిగే దూడలో ముదిరితే పూర్తిగా పోవచ్చు, మళ్లీ రాదు.

సంతలో పళ్లు, పొదుగు, సుడులు చూస్తాం. చూపు ఎవరం చూడం. పైగా సంత జరిగేది పట్టపగలు. అందుకే కొన్న రోజు సాయంత్రమే ఈ పరీక్ష చేయాలంటాను.

మా పెయ్య ఇప్పుడు చీకట్లో బాగానే నడుస్తోంది. నేను చెయ్యెత్తితే మాత్రం ఇంకా బెదురుతుంది. మీరు కర్ర ఎత్తేముందు ఒక్కసారి మోపు అడ్డంపెట్టి చూడండి.