రోటికి పూసిన పసుపు

ఈమధ్య మన వైపు హోటళ్ల గుమ్మాల్లో రోళ్లు వెలుస్తున్నాయి. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పక్కన తిరగలి, పైన ఉట్టి వేలాడదీసి ‘అమ్మమ్మ చేతి రుచులు’ అని బోర్డు కడతారు. తినొచ్చినవాళ్లు ఇంటికెళ్లి, మిక్సీ పచ్చడి నోట పెట్టలేకపోతున్నామని పెళ్లాల మీద విసుక్కుంటారు.

ఆ అమ్మమ్మ అరచేతులు చూసినవాళ్లెవరు? రోకలి పట్టి కాయలు కాసిన చేతులవి. కాలవ నీళ్లతో నింపిన చెరువు నుంచి బిందెలు మోసుకొచ్చి, చిల్లగింజ అరగదీసి ఆ నీళ్లు తేర్చి, ఊకపొయ్యి పొగలో కళ్లు మండుతుంటే వండి, అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తిన్న మనిషి ఆవిడ. దివిసీమ చివరి ఊళ్లలో, ఉప్పు నేలల్లో, తాగేనీళ్ల కోసం నడక ఇంకా దూరం. మోతుబరి ఇళ్లలో వడ్లు దంచిన కూలి ఆడవాళ్ల మాట అసలే ఎత్తరు. రోజల్లా దంచితే వాళ్లకు దక్కింది నూకలూ తవుడూ. బియ్యం మర వచ్చాక అదీ పోయింది. వాళ్ల పేర్లు ఏ బోర్డు మీద ఉన్నాయి?

బందరు లడ్డూ సంగతి చూడండి. శనగపిండిని పూసలా వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకం, నెయ్యి పోసి మళ్లీ దంచుతారు. ఆ పోటుకు కొట్లో కూలి ఉంది, లడ్డూకి ధర ఉంది, 2017లో వచ్చిన భౌగోళిక గుర్తింపు ఉంది. అదే రోకలి పోటు వంటింట్లో పడితే కూలీ లేదు, గుర్తింపూ లేదు. దానికి మనం పెట్టిన పేరు ప్రేమ!

వేల ఏళ్ల సంప్రదాయం అంటారు. ఏది? మిరపకాయ అమెరికా ఖండాల పంట. పోర్చుగీసు ఓడలు తెచ్చేదాకా మనకు కారమంటే మిరియం, పిప్పలి, అల్లం, ఆవపిండి. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో బందరులో దిగేనాటికి మిరప ఈ దేశానికింకా కొత్తదే. టమాటా సరేసరి, అదీ అక్కడిదే. బందరు లడ్డూని కూడా బుందేల్‌ఖండ్ నుంచి వచ్చిన బొందిలీలు తెచ్చారనే చెబుతారు. ఇన్ని కొత్తలను నోరారా తిన్న వంటిల్లు, ఆడదాని వీపుకు విశ్రాంతినిచ్చే మరను మాత్రం ఎందుకు ఒప్పుకోకూడదు?

రాతి మీద నూరిన పచ్చడి వేరు, నిజమే. కచ్చాపచ్చాగా నలుగుతుంది, మిక్సీలోలా వేడెక్కదు. ఆ రుచి నాకూ ఇష్టం. కానీ దానికోసం ఒక మనిషి బతుకంతా పొత్రం తిప్పుతూ వంగి ఉండాలంటే నేను ఒప్పుకోను. 1999లో దీపం పథకం కింద గ్యాస్ బండ అందుకున్న ఆడవాళ్లను అడగండి, ఆ పొగ మళ్లీ కావాలా అని.

ఘంటసాలలో శిల్పాలకు మ్యూజియం ఉంది. మన వంటిళ్ల చరిత్ర మాత్రం బతికున్న ముసలమ్మల నోళ్లలోనే ఉంది. వాళ్లను వంటకం కొలతలు ఒక్కటే అడక్కండి. ఎన్ని కుంచాలు దంచారో, ఎన్నింటికి లేచేవారో, కడుపుతో ఉన్నప్పుడు ఎవరు దంచారో అడిగి రాసిపెట్టండి. రోటి పచ్చడే కావాలనే మగవాళ్లు రేపటి నుంచి పొత్రం ముందు తామే కూర్చోవాలి.