మా పై పోర్షన్ పిల్లల గురించి ఉస్మానియా ఉపకులపతి గారికి

ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి,



నేను హబ్సిగూడలో ఉంటాను. సర్కారు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా పై పోర్షన్‌లో ఇద్దరు సూడాన్ కుర్రాళ్లు అద్దెకుంటున్నారు. మీ విశ్వవిద్యాలయం కిందనున్న ఒక కాలేజీలో బీసీఏ చదువుతున్నారు. వాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, మీ మీదా లేదు. వాళ్లలాంటి పిల్లలు ఎందరో మూడేళ్లు, నాలుగేళ్లు ఈ ఊళ్లో ఉండి, పట్టా చేతికి రాగానే, ఒక్క తెలుగింటి గడప కూడా తొక్కకుండా వెళ్లిపోతున్నారు. నన్ను బాధపెడుతున్నది ఇదే. దీన్ని మార్చడంలో సగం పని మీది, సగం పని మా ఇళ్లవాళ్లది. అందుకే ఈ ఉత్తరం అందరూ చదివేలా రాస్తున్నాను.

విదేశీ విద్యార్థికి ఇక్కడ కష్టం క్లాసులో కన్నా ముందు టులెట్ బోర్డు దగ్గర మొదలవుతుంది. ఫోన్లో ఇంగ్లీషులో మాట్లాడినంతసేపూ పోర్షన్ ఖాళీగానే ఉంటుంది. మనిషి గేటు ముందుకు రాగానే “నిన్ననే ఇచ్చేశాం బాబూ” అంటారు. దొరికినచోట అద్దె ఎక్కువ, అడ్వాన్సు ఎక్కువ, బ్రోకర్ కమిషన్ కూడా ఎక్కువే. వీళ్లు చేరిన వారానికే మా వీధిలో ఒకావిడ నన్ను ఆపి, “ఏందక్కా, నైజీరియా వాళ్లకిచ్చినవంట?” అనడిగింది. సూడాన్ పిల్లలని చెప్పాను. “ఏదైతేంది, అందరు ఒకటే గద” అంది. ఆమె చెడ్డ మనిషి కాదు. మా ఇంట్లో చావు జరిగినప్పుడు పొయ్యి వెలిగించనియ్యకుండా మూడు పూటలా క్యారియర్ పంపిన మనిషి. ఆఫ్రికా గురించి ఆమెకు తెలిసిందల్లా పేపర్లో వచ్చే డ్రగ్స్ కేసు వార్త. సూడాన్, సోమాలియా, టాంజానియా అన్నీ ఆ వార్తలోనే కలిసిపోయాయి. దాన్ని సరిచేసే మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఓనర్లు వెనక్కి తగ్గడానికి రంగు ఒక్కటే కారణం కాదు, కాగితాల భయం కూడా ఉంది. విదేశీయుడికి ఇల్లిస్తే 24 గంటల్లో ఒక ఫారం (సి-ఫారం అని వాడుక) ఆన్‌లైన్‌లో నింపి పంపాలి. ఆ పేరు వింటేనే చాలామందికి పోలీస్ స్టేషన్ గుర్తొస్తుంది. నా పక్కన కూర్చుని ఆ ఫారం నింపించింది అద్దెకొచ్చిన కుర్రాడే. పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు, దేశంలోకి వచ్చిన తేదీ, ఇంతకుముందున్న చిరునామా. పద్ధతి తెలిస్తే కష్టమేమీ లేదు. తెలియకపోతే మాత్రం ఇల్లు ఇవ్వకుండా ఉండటానికి అదొక్కటి చాలు. ఈ ఫారం ఎలా నింపాలో తెలుగులో, ఉర్దూలో ఒక పేజీ అచ్చువేయించి తార్నాక, హబ్సిగూడ, విద్యానగర్, టోలీచౌకి కాలనీ సంఘాలకు మీ సంతకంతో పంపండి. అనుమానం వస్తే ఓనరు ఫోన్ చేసి అడగడానికి ఒక నంబరు ఇవ్వండి. విశ్వవిద్యాలయం పూచీ ఉందని తెలిస్తే తెరుచుకునే తలుపులు చాలా ఉన్నాయి. మా వీధిలోనే ఉన్నాయి.

తలుపు తెరుచుకున్నాక ఏమవుతుందో చెబుతాను. ఒక ఆదివారం పెద్దవాడు కిందికొచ్చి, “ఆంటీ, మా అమ్మ పంపింది” అని ఒక పొట్లం ఇచ్చాడు. లోపల ముదురెరుపు రంగులో ఎండిన రేకులు. వాటిని నీళ్లలో మరిగించి, చక్కెర వేసి ఇచ్చాడు. నోట్లో పెట్టగానే పుల్లదనం తెలిసిన పుల్లదనమే అనిపించింది. ఇది ఏ చెట్టుదో ఫోన్లో బొమ్మ చూపించమన్నాను. చూపించాడు. అది మన గోంగూర మొక్క! మనం ఆకు తెంపుకుని పచ్చడి నూరుకుంటాం. వాళ్లు పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి రేకుల్ని ఎండబెట్టుకుని కర్కదే అని తాగుతారు. పాలమూరులో మా పుట్టింటి చేను గట్టున ఈ మొక్కలు వరసగా ఉండేవి. ఆ ఎర్ర కాయల్ని మేం పుల్లగా ఉంటాయని చిన్నప్పుడు కొరుక్కుతినేవాళ్లం, అంతే. మర్నాడు గోంగూర పచ్చడి కలిపి అన్నం పెట్టాను. ఇద్దరూ కారానికి ముక్కులు తుడుచుకుంటూనే మళ్లీ వడ్డించమన్నారు. వాళ్ల ఊళ్లో జొన్నపిండిని పులియబెట్టి, పెనం మీద పల్చగా పరిచి కిస్రా అనే రొట్టె చేస్తారట. నేను జొన్నరొట్టె చేతులతో తట్టడం చూసి చిన్నవాడు వీడియో తీసి వాళ్లమ్మకు పంపాడు. ఆమె ఏదో అరబ్బీలో అంటే వాడు నవ్వాడు. అర్థమేమిటని అడిగితే, “నీకు ఇక అక్కడ తిండి గురించి బెంగ లేదులే అంటోంది” అన్నాడు.

ఆ తల్లి ఇప్పుడు వాళ్ల సొంతూరు ఒందుర్మాన్‌లో లేదు. 2023 ఏప్రిల్ 15న ఖార్టూమ్‌లో సైన్యానికీ, రాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ అనే పారామిలిటరీ దళానికీ యుద్ధం మొదలయ్యాక ఆ కుటుంబం ఇల్లు వదిలి పోర్ట్ సూడాన్ చేరింది. అప్పుడు మన ప్రభుత్వం ‘ఆపరేషన్ కావేరి’ పేరుతో మూడు వేలమందికి పైగా మనవాళ్లను అక్కణ్నుంచి క్షేమంగా తీసుకొచ్చింది. మన టీవీల్లో సూడాన్ కనిపించింది ఆ కొద్దిరోజులే. తరవాత ఆ దేశపు పిల్లలు మన మధ్యే, మన బస్సుల్లోనే తిరుగుతున్నారని ఎవరికీ పట్టలేదు. అక్కడ బ్యాంకులు మూతపడి ఇంటినుంచి డబ్బు ఆగిపోయింది. విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్లు ఇక్కడ పనిచేసి సంపాదించుకునే వీలు లేదు. ఫీజు మన పిల్లలకంటే ఎక్కువ. అంతకుముందు యెమెన్ పిల్లలకు, 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల చేతికి పోయాక అఫ్గాన్ పిల్లలకు కూడా ఇదే గతి పట్టింది. చదువు మధ్యలో దేశమే తలకిందులైన విద్యార్థికి ఫీజు వాయిదాల్లో కట్టుకునే వీలు, పరీక్ష ఫీజుకు చేబదులుగా ఒక చిన్న నిధి మీ చేతిలో ఉండాలి. ఆ నిధికి ఇవ్వడానికి మాలాంటి పెన్షనర్లు కూడా ముందుకొస్తారు. అడిగి చూడండి.

మా అమ్మాయి అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో ఎం.ఎస్. చదివింది. తను దిగిన రోజు విమానాశ్రయానికి ఎవరొచ్చారో ఇప్పటికీ చెబుతుంది. యూనివర్సిటీ ఇచ్చిన జాబితాలోంచి తన పేరు ఎంచుకున్న ముసలి దంపతులు. దుప్పట్లు, రెండు గిన్నెలు, ఒక టేబుల్ లైటు కారులో పెట్టుకొచ్చారట. నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ పండక్కి భోజనానికి పిలిచి, మాంసం తినని పిల్ల కోసం వేరే వండారు. చదువైపోయి ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లాక కూడా వాళ్లకు పుట్టినరోజు కార్డు పంపడం మా అమ్మాయి మానలేదు. అక్కడ అన్నీ ఇలాగే జరుగుతాయని నేను అనను. పిల్లల్ని ఎందరో మోసం చేస్తారు, వీసా భయం వాళ్లను నిద్రపోనివ్వదు. కానీ ఆ ముసలివాళ్లకు ఆ జాబితా ఇచ్చింది యూనివర్సిటీయే. ఇవ్వకపోతే వాళ్లకు మా అమ్మాయి ఉన్నట్టే తెలిసేది కాదు.

2023-24లో అమెరికాలోనే 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు. వాళ్లలో తెలుగువాళ్లు ఎందరో హబ్సిగూడలో ఏ అపార్ట్‌మెంట్ తలుపు తట్టినా తెలుస్తుంది. మరి మన దేశం మొత్తానికి వచ్చినవాళ్లు 2021-22 లెక్కల్లో 46,878 మంది. ఇంతమంది పిల్లల్ని పరాయి ఊళ్లకు పంపే మనకు, వచ్చిన కొద్దిమందిని పలకరించడం బరువు కాకూడదు.

2017 ఫిబ్రవరిలో అమెరికాలోని ఒలేతేలో మన హైదరాబాద్ ఇంజనీరును “నా దేశం నుంచి పో” అని అరిచి కాల్చి చంపినప్పుడు ఈ ఊరంతా కుమిలిపోయింది. అడ్డుపడి తూటా తగిలించుకున్న అమెరికన్ యువకుణ్ని మనవాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. అతను ఇల్లు కొనుక్కోవడానికి హ్యూస్టన్‌లోని భారతీయులు చందాలు వేసి లక్ష డాలర్లు ఇచ్చారు. సరిగ్గా మరుసటి నెల, మార్చిలో, గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థుల్ని ఒక మాల్‌లో గుంపు చేరి కుర్చీలతో కొట్టారు. అంతకు ఏడాది ముందు బెంగళూరులో ఒక టాంజానియా విద్యార్థినికి తనకు సంబంధమే లేని ప్రమాదం పేరుతో ఘోర అవమానం జరిగింది. గుంపులో ఉన్నవాళ్లకు ఆ విద్యార్థుల్లో ఒక్కరి పేరు కూడా తెలిసి ఉండదు. తెలిసుంటే “ఆగండ్రా, వీడు మనవాడే” అని అడ్డుపడే మనిషి ఒక్కడైనా ఉండేవాడని నా నమ్మకం. నేనడుగుతున్నది అలా అడ్డుపడే మనుషుల్ని ముందుగానే తయారుచేసి పెట్టుకుందామని.

బయటి దేశాలవాళ్లను కలుపుకోవడం హైదరాబాదుకు కొత్త కూడా కాదు. మాసబ్ ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్‌కు ఆ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళం నుంచి వచ్చింది. బార్కస్‌లో యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన సిపాయిల మనవలు, మునిమనవలు ఇవాళ జామపళ్లు అమ్ముతున్నారు, డాక్టర్లయ్యారు, కార్పొరేటర్లయ్యారు. మన బరాత్‌లలో మోగే మర్ఫా ఆ అరబ్బులు, ఆఫ్రికా సంతతి సిద్దీలు తెచ్చిందే. మీ ఆర్ట్స్ కాలేజీ భవనాన్నే చూడండి. ఇద్దరు నిపుణుల్ని దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపి, కైరోలో పనిచేస్తున్న బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్‌ను పిలిపించి గీయించారు. 1939లో తెరిచిన ఆ భవనం మెట్ల మీద ఫొటో దిగని విద్యార్థి లేడు. 1888లో పుట్టిన దాయిరతుల్ మారిఫ్ ఇప్పుడు మీ ఆవరణలోనే ఉంది. పాత అరబ్బీ రాతప్రతుల్ని పరిష్కరించి అచ్చువేసే సంస్థ. మా పై పోర్షన్ పిల్లలకు ఆ సంగతి తెలియదు. ఒక సాయంత్రం నడుస్తూ వెళ్లి బోర్డు చూపించాను. చిన్నవాడు దాన్ని పైకి చదివి, ఇంత దూరంలో తన భాష పుస్తకాలు అచ్చువేస్తారా అని అక్కడే నిలబడిపోయాడు. ఇలాంటిది విద్యార్థి చేరిన మొదటి వారంలోనే మీవాళ్లు చేయి పట్టుకుని చూపించాలి. ఇంటి ఓనరు చూపించేదాకా ఆగకూడదు.

విదేశీ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ వాళ్లను స్వాగతించి, అండగా నిలిచే కార్యాలయం ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. 2022లో యూజీసీ విదేశీయుల కోసం 25 శాతం అదనపు సీట్లకు వీలిచ్చింది. మీ దగ్గర కార్యాలయం ఎప్పటినుంచో ఉంది. అడ్మిషన్లు, బోనఫైడ్ సర్టిఫికెట్లు, వీసా పొడిగింపు కాగితాలతో అక్కడివాళ్లకు తలమునకలుగా పని ఉంటుందని నాకు తెలుసు. అందుకే ఇంకొక మనిషిని అడుగుతున్నాను. కాగితాలు చూడని మనిషి. ఏ విద్యార్థి ఏ వీధిలో ఉంటున్నాడు, జ్వరమొస్తే ఎవరు చూస్తారు, పండక్కి ఎవరింటికి వెళ్తాడు అనేవి చూసే మనిషి.

ఆ మనిషి మొదట చేయించాల్సింది తెలుగు పాఠాలు. పద్యాలు, వ్యాకరణం వద్దు. ఆటో బేరం, కూరగాయల బండి, ఆస్పత్రిలో నొప్పి ఎక్కడో చెప్పడం. మీ తెలుగు శాఖలో పరిశోధన విద్యార్థులున్నారు, సాయంత్రం పూట వాళ్లు చెప్పగలరు. మా పై పోర్షన్ కుర్రాడొకడు “అన్నా, చిల్లర లేదే” అని కిరాణా కొట్లో అన్న రోజునుంచి ఆ షాపాయన వాడికి అరువు కూడా ఇస్తున్నాడు. రెండోది, జాతీయ సేవా పథకం. 1969 నుంచి నడుస్తోంది, మీ విద్యార్థులు ఏటా ఊళ్లలో క్యాంపులు పెడతారు. ఆ క్యాంపులకు విదేశీ విద్యార్థుల్ని కూడా తీసుకెళ్లండి. నేను పాతికేళ్లపైన ఏడో తరగతి పిల్లలకు నైలు నది పాఠం పటం మీద వేలుపెట్టి చెప్పాను. తెల్ల నైలు, నీలి నైలు కలిసేచోట ఈత నేర్చుకున్న కుర్రాడు మాణికేశ్వర్‌నగర్ బడికొచ్చి ఆ పాఠం చెబితే పిల్లలు జన్మలో మరిచిపోరు. ఆ పిల్లలు ఇంటికెళ్లి అమ్మానాన్నలకు చెబుతారు. మా వీధి ఆవిడ అడిగిన ప్రశ్నకు అంతకన్నా మంచి జవాబు నాకు తోచడం లేదు.

బతుకమ్మకు ఆర్ట్స్ కాలేజీ ముందు పిలిచి, తలపాగా చుట్టి ఫొటో తీయించడం మాత్రం నేనడగడం లేదు. అది ఒక్క రోజు ముచ్చట. నాకు కావలసింది మిగతా రోజులు.

తోటి ఓనర్లకు కూడా ఒక మాట. మీ పిల్లలు డాలస్‌లోనో, లీడ్స్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఎవరో ఒకరి ఇంట్లో అద్దెకున్నారు. వాళ్ల ఓనరు వాళ్లను ఎలా చూడాలని మీరు కోరుకుంటున్నారో, మీ గేటు ముందు నిలబడ్డ కుర్రాణ్ని అలా చూడండి. ముందు పేరడగండి, ఏ దేశమో తరవాత తెలుస్తుంది.

ఉపకులపతి గారూ, వచ్చే విద్యాసంవత్సరం అడ్మిషన్లు మొదలయ్యేలోపు హబ్సిగూడ, తార్నాకల్లో విదేశీ విద్యార్థికి నెలకొకసారి భోజనం పెట్టడానికి, అవసరానికి ఆస్పత్రికి తీసుకెళ్లడానికి సిద్ధపడే ఇళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు నేను సేకరించి తెస్తాను. ఆ జాబితా తీసుకుని పని మొదలుపెట్టే మనిషిని మీరు నియమించండి.

ఇట్లు,
హబ్సిగూడ నుంచి ఒక రిటైర్డ్ టీచర్